మా అమ్మకు పడని గాలి

పోయిన కార్తీకంలో హైదరాబాదు నుంచి భార్యాభర్తలిద్దరు మా ఇంటికి వచ్చారు. గోదావరి పాయల నడుమ ఉన్న మా లంకకు ఎగువన, ఏటి ఒడ్డున కొత్తగా కట్టిన రిసార్టులో మూడు రోజులు ఉన్నారట. మా మేడ మీద వాటా ఖాళీగా ఉందని ఎవరో చెబితే, తిరుగు ప్రయాణానికి ముందు చూసి పోదామని వచ్చారు. ఆ అబ్బాయి తల్లికి ఆయాసం. నగరంలో పొగ, దుమ్ము పడటం లేదనీ, ఆవిణ్ణి తెచ్చి ఇక్కడ ఉంచాలనీ వాళ్ళ ఆలోచన. ఆ అమ్మాయి మా వసారాలో నిలబడి కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చుకుంది. "చుట్టూ నీళ్ళు, ఎటు చూసినా పచ్చదనం. ఇంత హాయైన గాలి ఎక్కడుందండీ? మీరు అదృష్టవంతులు" అంది. మా తమ్ముడు సత్యం పొంగిపోయాడు. "ఆయ్, మా లంక గాలే మందండి. మీ అమ్మగారిని ఒక్క నెల ఇక్కడ ఉంచండి, లేచి తిరుగుతారు" అన్నాడు. నేను మాత్రం ఆ అబ్బాయిని, "శ్రావణంలో ఎప్పుడైనా ఇటు వచ్చేరా బాబూ?" అని అడిగాను. రాలేదన్నాడు. "అయితే ముందు శ్రావణంలో ఓ పదిహేను రోజులు అమ్మగారిని తీసుకొచ్చి చూడండి. అప్పుడు కూడా ఆవిడకి ఊపిరి తేలిగ్గా ఆడితే ఆ వాటా మీదే. ఇప్పటి గాలి చూసి మాత్రం తేకండి" అన్నాను. వాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. కాఫీ తాగి, మర్యాదగా దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

కారు కట్ట ఎక్కిందో లేదో సత్యం నా మీద విరుచుకుపడ్డాడు. "ఊరి గాలికి వంక పెడతావేంటక్కా! ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, డెబ్బయ్యేళ్ళు వస్తున్నా గుండ్రాయిలా ఉన్నావు కదా" అన్నాడు. నిజమే. నాకీ గాలి పడింది. వాడికీ పడింది. పడనిది అమ్మకు. ఉబ్బసంతో పోయిందని సత్యానికి తెలుసు, వరద రోజుల్లో పోయిందనీ తెలుసు. అంతకు మించి వాడికి ఎవరూ చెప్పలేదు. అప్పటికి వాడికి రెండేళ్ళు.

అమ్మ పేరు అనసూయ. పుట్టింది, పెరిగింది గుత్తిలో. ఆవిడ తండ్రి, అంటే మా తాతయ్య, మా నాయనమ్మకు స్వయానా తమ్ముడే. లంకలో పుట్టినవాడే అయినా రైల్వేలో ఉద్యోగం దొరికి అనంతపురం వైపు వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. మేనరికం కాబట్టి నాన్నకు అమ్మను చేశారు. పెళ్ళయి వచ్చేటప్పుడు గుత్తిలో ఇరుగు పొరుగు ఆడవాళ్ళందరూ అమ్మ గడ్డం పట్టుకుని, "ఎంత పుణ్యం చేసినావో తల్లీ, నీళ్ళల్లోకి పోతాండావు" అన్నారట. అక్కడ రెండు బిందెల నీళ్ళ కోసం ఎండలో మైలు నడిచేవాళ్ళకు, గుమ్మం ముందే గోదావరి ఉన్న ఊరు స్వర్గంలాగే తోచి ఉంటుంది. అమ్మకూ మొదట్లో అలాగే ఉండేదట. రోజుకు మూడుసార్లు స్నానం చేసేదని నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. ఆ సంబరం రెండో వర్షాకాలం దాకానే. ఆ ఏడు అమ్మ ఊపిరిలో పిల్లికూతలు మొదలయ్యాయి.

కోనసీమ అనగానే అందరికీ కొబ్బరి తోటల నీడ గుర్తొస్తుంది. నాకు మాత్రం తడి వాసన గుర్తొస్తుంది. ఆషాఢం వచ్చిందంటే మా ఇంట్లో ఆరేది ఏదీ ఉండేది కాదు. కుంపట్లో నిప్పులు పోసి, దాని మీద పెద్ద వెదురు గంప బోర్లించి, ఆ గంప మీద సత్యం బొంతలు, అమ్మ చీరలు ఆరబెట్టేవాళ్ళు. అవి వేడెక్కేవి కానీ ఆరేవి కావు. కట్టుకుంటే పొగ వాసన, ఒక గంటకి మళ్ళీ చెమ్మ. జాడీలో ఉప్పు నీరుకారి ముద్దయిపోయేది. అగ్గిపెట్టెను బియ్యం డబ్బాలో దాచేవాళ్ళు. చింతపండుకు బూజు, అప్పడాలకు బూజు, నాన్న తోలు చెప్పులకు పచ్చటి బూజు. తలుపులు ఉబ్బి మూసుకునేవి కావు. గోడ మీద చెయ్యి వేస్తే చల్లగా, మెత్తగా, ఏదో బతికున్నదాన్ని ముట్టుకున్నట్టు ఉండేది. పొయ్యిలోకి కొబ్బరి డొక్కలే గతి. అవి సగం తడి, సగం పొడి. వంటిల్లంతా పొగ నిలబడేది. ఆ పొగలో అమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో గరిటె తిప్పేది. వేసవిలో వానలుండవు కదా అంటారేమో, అప్పుడు ఉక్క. ఆకు కదిలేది కాదు. "ఈడ గాలి తాగినట్టుంటాది అత్తా, పీల్చినట్టుండదు" అని ఒకసారి అమ్మ నాయనమ్మతో అనడం నేను విన్నాను. నాయనమ్మ చెడ్డ మనిషి కాదు. తెల్లవారకుండానే లేచి అడ్డసరం ఆకు కషాయం కాచి, చల్లారేదాకా విసిరి, అమ్మ చేత తాగించేది. కానీ ఆ మాట మాత్రం పడనిచ్చేది కాదు. "కోనసీమ గాలి పడకపోవడవేంటే, విడ్డూరం కాకపోతేనూ! ఎవరైనా వింటే నవ్వుతారు" అనేది.

పడవ రేవు నుంచి మా ఇంటికి రెండు వందల అడుగులు కూడా ఉండవు. ఆ దూరంలో అమ్మ రెండుచోట్ల ఆగేది. ఒకటి కరణం గారి అరుగు, రెండోది మా దొడ్డి గుమ్మం. ఆగినప్పుడు ఎవరైనా చూస్తే చీర కుచ్చెళ్ళు సర్దుకుంటున్నట్టు వంగేది. సత్యం పుట్టాక వాణ్ణి ఎత్తుకోవడం ఆవిడ వల్ల కాలేదు. పడుకోబెట్టి పాలిచ్చేది, జోకొట్టేది, ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. వాడు చేతులు చాచి ఎత్తుకోమని ఏడిస్తే నన్ను పిలిచేది. ఎనిమిదేళ్ళకే నా నడుం వంపులో వాడికో చోటు ఏర్పడిపోయింది.

నాకు తొమ్మిదేళ్ళు నిండిన వేసవిలో తాతయ్య ఉత్తరం మీద ఉత్తరం రాసి, అమ్మనూ మా ఇద్దరినీ గుత్తి రప్పించుకున్నాడు. పడవ దిగి బస్సు, జొన్నాడ దగ్గర గోదావరి దాటాక ఇంకో బస్సు, ఆ తర్వాత బొగ్గు ఇంజను రైలు. దారంతా అమ్మ కిటికీ ఊచకు నుదురు ఆనించి కూర్చుంది, పడుకుంటే ఊపిరాడదు కనుక. గుత్తిలో దిగేసరికి ఒళ్ళు కాలే ఎండ. నేల ఎర్రగా, రాళ్ళు నల్లగా, ఎక్కడా ఒక పచ్చటి ఆకు లేదు. ఇదేం ఊరని నాకు ఏడుపొచ్చింది. అమ్మకు మాత్రం నాలుగో రోజుకి పిల్లికూతలు తగ్గాయి. పదో రోజుకి అసలు లేవు. ఒక ఉదయం వంటింట్లోంచి అమ్మ నన్ను కేకేసింది. అమ్మ కేక వెయ్యడం నేను అంతవరకూ వినలేదు. పరిగెత్తి వెళ్తే జాడీలో చెయ్యి పెట్టి, ఉప్పు పిడికిట్లోకి తీసి, వేళ్ళ సందుల్లోంచి కిందికి వదులుతోంది. "చూడు పాపా, ఇసక మాదిరి రాలుతాంది" అని నవ్వింది. ఉతికిన చీర ఒక కొస ఆరేసి రెండో కొసకు వెళ్ళేలోపల మొదటి కొస ఆరిపోయేది. మిద్దె మీద పడుకుంటే మంచు కురిసేది కాదు. అమ్మ వెల్లకిలా పడుకుని నిద్రపోవడం నేను అక్కడే చూశాను. అంతకు ముందు ఆవిడ నిద్రంటే గోడకు దిండు పెట్టుకుని కూర్చోవడమే.

అక్కడ కోట ఉంది, పెద్ద కొండ మీద. చిన్నప్పుడు స్నేహితులతో ఎక్కేదాన్నని అమ్మ చెబుతుండేది. ఒకరోజు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, "పోదాం పా" అని బయల్దేరదీసింది. సత్యాన్ని నేను ఎత్తుకోబోతే, "నువ్వుండు" అని తానే చంకనేసుకుంది. ఆ రాతి దారి మీద నేను వెనకబడిపోయాను. రెండు చోట్ల కూర్చున్నాను. అమ్మ మాత్రం ముందు నడుస్తూనే ఉంది. కొంగు దోపుకుని, కొడుకును చంకలో పెట్టుకుని, ఒక్కో బండా దాటుకుంటూ పోతున్న ఆ మనిషి మా అమ్మేనా అని నాకు అనుమానం వచ్చింది. పైకి వెళ్ళి చూస్తే మొహం ఎర్రగా ఉంది, చెమట పట్టింది, కానీ ఊపిరి మామూలుగా ఉంది. సత్యాన్ని పైకెత్తి, దించి, మళ్ళీ పైకెత్తుతోంది. వాడు కిలకిలమంటున్నాడు. అప్పటికి ఆవిడ వయసు ఇరవై ఎనిమిది. ఆ ఒక్క రోజే నాకు అమ్మ ఆ వయసు మనిషిలా కనిపించింది.

ఇంత చూసి కూడా నేను చేసిన పని ఇది. ఆ ఊరు నాకు పడలేదు. పెదవులు పగిలాయి. ఎండకు ముక్కులోంచి రక్తం కారింది. సంకటి ముద్ద గొంతు దిగేది కాదు. ఈదటానికి నీళ్ళు లేవు, నా నేస్తాలు లేరు, నా యాస విని వీధి పిల్లలు వెక్కిరించేవాళ్ళు. జ్యేష్ఠం వచ్చింది, బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. వానలు అయిపోయేదాకా అమ్మ ఇక్కడే ఉండాలని రైల్వే ఆసుపత్రి డాక్టరు చెప్పాడనీ, నన్ను ఇక్కడి బళ్ళో వేస్తారనీ తాతయ్య చెప్పాడు. నేను ఎవరికీ చెప్పకుండా ఒక కార్డు రాశాను. "నాన్నా, ఇక్కడ గోదారి లేదు. నాకు రోజూ ముక్కులోంచి రక్తం వస్తోంది. నువ్వొచ్చి తీసుకెళ్ళు." రోజూ రాలేదు. రెండుసార్లే వచ్చింది. రోజూ అని రాస్తే త్వరగా వస్తాడని రాశాను.

వారం తిరక్కుండా నాన్న వచ్చాడు. అమ్మను చూసి తెల్లబోయాడు. ఒళ్ళు చేసింది, మొహం తేటపడింది. తాతయ్య గట్టిగానే చెప్పాడు, దసరా దాకా ఉంచమన్నాడు. నాన్న ఆ మర్నాడు ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. "నీ ఇష్టం అనసూయా. ఉంటానంటే ఉండు" అన్నాడు. ఆ సాయంత్రం మిద్దె మీద అమ్మ నా తలకు నూనె రాసి, పాయలు తీసింది. తర్వాత మెల్లిగా అడిగింది. "చెప్పు పాపా. ఉందామా, పోదామా?"

"పోదాం" అన్నాను.

"ఇంగ నాలుగు నెలలే కదా. నేనుండానుగా నీకు."

"నాకు ఇక్కడొద్దమ్మా. పోదాం."

అమ్మ నా జడ అల్లడం పూర్తిచేసింది. "సరే, పోదాం" అంది.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. లంకలో అడుగుపెట్టిన పదిహేను రోజులకే పిల్లికూతలు తిరిగొచ్చాయి. శ్రావణంలో గోదావరి పొంగింది. మొదటి రోజు రేవు మునిగింది, రెండో రోజు మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. వరద మాకు కొత్త కాదు. అటక మీదికి బియ్యం, ఉప్పు, పుల్లలు ఎక్కించి, మంచాలు ఇటుకల మీద పెట్టుకుని అది తీసేదాకా కూర్చునేవాళ్ళం. అమ్మ కూడా అలాగే మంచం మీద కూర్చుంది, ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకుని. రెండు రోజులు అలాగే ఉంది. పెదవులు నీలంగా మారాయి. నాయనమ్మ విసనకర్రతో విసురుతూనే ఉంది. చుట్టూ అంత గాలి ఉంది. చెట్లు ఊగిపోతున్నాయి. అమ్మకు మాత్రం ఒక గుక్కెడు అందడం లేదు.

పడవ నడిపే వీర్రాజు ఇంటికి నాన్న మూడుసార్లు వెళ్ళాడు. "సుడులు తిరుగుతుందండి బాబుగారూ. ఇప్పుడు పడవేస్తే ఎవరం మిగలవండి" అని వీర్రాజు ఏడ్చినంత పని చేశాడట. మూడో రోజు ఉదయం వాన తెరిపిచ్చింది, కాస్త ఎండ కూడా వచ్చింది. వీర్రాజే వచ్చి, "రండి బాబుగారూ, చూద్దాం" అన్నాడు. అమ్మను మంచం మీదే రేవుకు మోశారు. పడవలో పడుకోవడం కుదరదు కనుక నాన్న వెనక కూర్చుని, ఆవిణ్ణి తన రొమ్ముకు ఆనించుకున్నాడు. అవతలి ఒడ్డు చేరితే బండి, బండి మీద రాజోలు ఆసుపత్రి. నేను సత్యాన్ని ఎత్తుకుని కట్ట మీద నిలబడ్డాను. ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. పడవ కిందికి కొట్టుకుపోతూ, మళ్ళీ ఎగువకు తిరుగుతూ నడి గోదారి దాకా వెళ్ళింది. అక్కడ ఆగినట్టయింది. కాసేపటికి మా వైపు తిరిగింది. పడవ ఎందుకు వెనక్కి తిరిగిందో పెద్దవాళ్ళందరికీ తెలిసింది. నాకు తెలియలేదు. అమ్మకు తగ్గిపోయిందేమో, అందుకే ఇంటికి వచ్చేస్తోందనుకున్నాను. సత్యానికి చూపించి, "అదిగోరా, అమ్మ వచ్చేస్తోంది" అన్నాను.

ఆ తర్వాత నాయనమ్మ ఎన్నడూ మా గాలిని మెచ్చుకోగా నేను వినలేదు. అమ్మ చీరలు ఏడు ఉండేవి. ప్రతి వర్షాకాలం ఆ ఏడు చీరలూ బయటికి తీసి, గంప మీద పరిచి, వేడి చేసి, మడతపెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టేది. కట్టుకునే మనిషి లేకపోయినా వాటికి బూజు పట్టనిచ్చేది కాదు. ఆవిడ పోయేదాకా అది మానలేదు.

ఇప్పుడు మా లంకకు వంతెన ఉంది. రాజోలు ఇరవై నిమిషాలు. ఉబ్బసం ఉన్నవాళ్ళు బొటనవేలంత గొట్టం జేబులో పెట్టుకు తిరుగుతున్నారు, నోట్లో పెట్టి ఒక్కసారి నొక్కితే ఊపిరి తెరుచుకుంటుంది. అది చూసినప్పుడల్లా ఇంత చిన్న వస్తువా, అనిపిస్తుంది. గ్యాసు పొయ్యిలు వచ్చాక వంటింట్లో పొగ పోయింది. ఉక్క మాత్రం పెరిగింది. మా చిన్నప్పుడు వైశాఖంలో సాయంత్రమయ్యేసరికి ఏటి మీదుగా కాస్త చల్లగాలి తిరిగేది. ఇప్పుడు చుట్టూ వరిచేలు పోయి రొయ్యల చెరువులు వచ్చాయి, ఆ గాలిలో నీచు వాసన తప్ప చల్లదనం లేదు. ప్రతి ఇంటికీ ఏసీ పెట్టారు, తలుపులు వేసుకుని లోపల కూర్చుంటున్నారు. దగ్గర్లోని మలికిపురం బజారులో గొడుగుల కన్నా ఏసీలే ఎక్కువ కనబడుతున్నాయి. బయటినుంచి వచ్చేవాళ్ళు కార్తీకం నుంచి మాఘం దాకా వస్తారు. ఆ నాలుగు నెలలూ మా లంక నిజంగానే బాగుంటుంది, కాదనను. ఆ నాలుగు నెలలు చూసి పన్నెండు నెలలకూ పేరు పెట్టి వెళ్తారు. మేమూ అదే నమ్ముతాం. ఊరిని పొగిడితే మనల్ని పొగిడినట్టే ఉంటుంది కదా. నేను గుత్తి మళ్ళీ వెళ్ళలేదు. ఎక్కడికి వెళ్ళినా నాలుగు రోజుల్లో ఈ తడి మీదికే మనసు పోతుంది. ఆవిడ ఊపిరి తీసిన గాలి నాకు ఇంత బాగా పడినందుకు, ఇన్నేళ్ళొచ్చినా సిగ్గుగానే ఉంటుంది.

నాన్న పోయే ముందటేడు, వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం, ఆయన పడక్కుర్చీ పక్కన కూర్చుని ఆ కార్డు సంగతి చెప్పాను. రోజూ రక్తం రాలేదని చెప్పాను. మిద్దె మీద అమ్మ అడిగిన మాట, నేను చెప్పిన జవాబు చెప్పాను. నలభై ఏళ్ళు లోపల దాచుకున్న మాట అది. నాన్న వానవైపే చూస్తూ విన్నాడు.

"అక్కడి డాక్టరు గారు నన్ను విడిగా కూర్చోబెట్టి చెప్పేరమ్మా" అన్నాడు చివరికి. "తీసుకెళ్తే రెండు వర్షాకాలాలు దాటదన్నారు. నేను నమ్మలేదు. కోనసీమ గాలికి మనిషి పోతుందంటే ఎవడు నమ్ముతాడు? ఈయనకి మన ఊరు తెలీదులే అనుకున్నాను. ఆ మాట మీ అమ్మకీ చెప్పలేదు, మీ తాతగారికీ చెప్పలేదు." నా వైపు తిరిగి, "నీకు తొమ్మిదేళ్ళమ్మా. నాకు ముప్పై నాలుగు" అన్నాడు.

హైదరాబాదు వాళ్ళు వచ్చి వెళ్ళిన ఆ సాయంత్రం ఇదంతా సత్యానికి చెప్పాను. గుత్తి, ఉప్పు, కోట, కార్డు, నాన్న మాట, ఏదీ దాచలేదు. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే పడదామనే చెప్పాను. వాడు అరవై రెండేళ్ళవాడు, మనవలున్నవాడు, అరుగు మీద తల వంచుకుని వింటూ కూర్చున్నాడు. కార్డు గురించి ఏమీ అనలేదు. నాన్న గురించీ అనలేదు.

"అమ్మ నన్ను ఎత్తుకుందా అక్కా?" అన్నాడు.

"ఎత్తుకుందిరా. కొండ పైదాకా ఎత్తుకుంది. ఎక్కడా ఆగలేదు" అన్నాను.